బీడీ ముట్టించుకొని రారా!
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉగాదినాడు నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు కోరినప్పుడు, పండుగపూట వినదగిన విషయం ఏమున్నదా అని చాలా ఆలోచించాను. ఉదయం పంచాంగ శ్రవణం విన్న చెవులకు సాయంకాలం పొగాకు మాట వినిపించడం మర్యాద కాదేమోనని సంకోచించాను. కాని ఈసారి వచ్చిన సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు విని మా ఇంట్లో ఆడవాళ్ళు కొంచెం దిగులు పడ్డారు. నేను వాళ్ళతో అన్నాను: పరాభవం ఎవరికో ఒకరికి తప్పదు గదా, అది మనకు కాకుండా మన పిల్లలను పట్టుకొనే పొగాకుకు జరిగేటట్టు చూసుకొందాం, అప్పుడు ఈ సంవత్సరం పేరు మనకు శుభమే అవుతుంది అని. ఆ మాటతోనే ఈ ప్రసంగానికి విషయం కుదిరింది.

నేను నిడుగల్లు కొండ నీడలో పుట్టి పెరిగినవాడిని. పావగడ తాలూకా పటం చూసినవారికి మా సంగతి తెలుసు. పేరుకు కర్ణాటకలో తుమకూరు జిల్లా. చుట్టూ చూస్తే దాదాపు అన్నివైపులా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఆ కొండమీది దుర్గం నుంచి ఒకప్పుడు ఇరుంగోళుడు మొదలైన నిడుగల్లు చోళులు పాలించారు. తమది కరికాల చోళుని వంశమని వారు శాసనాలలో చెప్పుకొన్నారు. చిన్నప్పుడు ఆ కొండమీది గోడలు చూసి, ఇంత కోటలోకి శత్రువు ఎట్లా వచ్చి ఉంటాడని మా అవ్వను అడిగితే, "లోపలివాడే తలుపు తీసి ఉంటాడు నాయనా" అన్నది. ఆమెకు చరిత్ర తెలియదు. కాని ఈనాడు నేను చెప్పబోయే విషయమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

పిల్లలకు పొగాకు ఎవరు నేర్పుతారు? అడిగితే అందరమూ ఒకటే చెబుతాము: చెడు సావాసం. పక్కింటి పిల్లవాడు, బడి దగ్గర అంగడివాడు, సినిమా హీరో. ఇందులో అబద్ధం లేదు. కాని నాకు నేర్పినది వీళ్ళెవరూ కాదు. మా నాయన.

ఆయనను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. నా ఎనిమిదవ ఏట, అంటే 1958 ప్రాంతంలో, రాత్రి సంగటి తిని ఆయన అరుగు మీద కూర్చొనేవాడు. పగలంతా శెనక్కాయ చేలో పనిచేసి వచ్చిన మనిషి. అగ్గిపెట్టె ఖర్చు ఎందుకని, బీడీ నా చేతికి ఇచ్చి, "పొయ్యిలో ముట్టించుకొని రారా" అనేవాడు. పొయ్యి దగ్గరనుంచి అరుగు దాకా పెరడు, నడవ దాటి రావాలి. బీడీ సంగతి మీకు తెలుసు, పీల్చకపోతే ఆరిపోతుంది. ఆరిపోయిన బీడీ తెస్తే మళ్ళీ పంపుతారు. అందుచేత నేనూ, మా అన్నా ఒక ఉపాయం కనిపెట్టాము. నడవలో ఒక దమ్ము, గడప దగ్గర ఒక దమ్ము. బీడీ ఎర్రగా వెలుగుతూ మా నాయన చేతికి చేరేది. "పిల్లలు చురుకైనవాళ్ళు" అని ఆయన మురిసిపోయేవాడు. తన కొడుకులకు తన చేతులతోనే పొగాకు అలవాటు చేస్తున్నానని ఆయనకు తెలియదు. తెలిస్తే ఆ చెయ్యి నరుక్కొనేవాడు, అంత ప్రేమ ఉన్న మనిషి.

ఇది ఒక్క మా ఇంటి కథ అనుకోవద్దు. 2019లో మన దేశంలో 13 నుంచి 15 ఏండ్ల విద్యార్థులను గురించి ఒక పెద్ద సర్వే జరిగింది. నూటికి 8.5 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని అందులో తేలింది. అంతకంటె భయపెట్టే సంగతి మరొకటి ఉన్నది. ఎప్పుడైనా సిగరెట్టు తాగిన పిల్లలలో నూటికి 38 మంది, బీడీ తాగినవారిలో 47 మంది, నమిలే పొగాకు వాడినవారిలో 52 మంది పదవ పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టారట. పదేండ్ల లోపు పిల్లవాడికి చెడు సావాసం ఎక్కడిది? వాడి లోకమంతా ఇల్లు, వీధి, బడి. కాబట్టి కాలేజీకి వెళ్ళేటప్పుడు జాగ్రత్తలు చెబుదాంలే అని కూర్చొనే తండ్రి, దొంగ వెళ్ళిన తరువాత తాళం వేసే మనిషివంటివాడు.

అసలు ఈ పొగాకు మన పూర్వుల సొత్తు కాదు. వేదాలలో లేదు, పురాణాలలో లేదు. అమెరికా ఖండంలో పుట్టిన మొక్క, పోర్చుగీసువారి ఓడలలో మన తీరానికి వచ్చింది. 1604 ప్రాంతంలో అక్బరు కొలువులోని అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరులో దీనిని చూసి వింతపడి, అక్బరుకు కానుకగా తీసుకొనిపోయాడు. పదిపన్నెండేండ్లు తిరిగేసరికి అది ఎంతగా వ్యాపించిందంటే, 1617లో జహంగీరు చక్రవర్తి దానిని నిషేధిస్తూ ఆజ్ఞ చేయవలసి వచ్చింది. ఆజ్ఞ కాగితం మీద ఉన్నది, పొగ దేశమంతా కమ్ముకొన్నది. మన తెలుగువారికి చుట్ట ఎంత చుట్టమైపోయిందంటే, గురజాడవారి కన్యాశుల్కంలో గిరీశం చుట్టను పొగుడుతూ పద్యమే చదువుతాడు. నాటకంలో అది చూసి నవ్వుకొంటాము, నవ్వుకోవలసిందే. కాని ఆ పద్యం వినిపించేవాడు గురువు, వినేవాడు చిన్నపిల్లవాడైన శిష్యుడు అన్న సంగతి మరిచిపోరాదు. గురజాడవారు అది ఊరకనే వ్రాయలేదు.

పొగాకు చేసే హాని గురించి ఎక్కువ చెప్పను. అది డాక్టర్లు నాకంటె బాగా చెబుతారు. నాలుగు ముఖ్యమైన మాటలు మాత్రం మనవి చేస్తాను. పొగలో ఏడువేలకు పైగా రసాయనాలు ఉన్నవి. వాటిలో సుమారు డెబ్బై క్యాన్సరు కలిగించేవి. నికోటిన్ అనే పదార్థం పీల్చిన పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. మనిషి మెదడు దాదాపు ఇరవైఅయిదేండ్లదాకా పెరుగుతూనే ఉంటుంది. పెరిగే మెదడుకు ఈ అలవాటు పెద్దవారికంటె త్వరగా, గట్టిగా పట్టుకొంటుంది. మానకుండా వాడేవారిలో సగంమంది వరకు దానివల్లనే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో ఏటా పదమూడు లక్షలకు పైగా ప్రాణాలు ఈ విధంగా పోతున్నవి.

"మా తాత చుట్ట కాలుస్తూ తొంభై ఏండ్లు బ్రతికాడు" అని ప్రతి సభలోనూ ఒకరు లేస్తారు. మంచిది. సగంమంది పోతారంటే సగంమంది మిగులుతారనే గదా అర్థం. మిగిలిన తాత అరుగుమీద కూర్చొని కథలు చెబుతాడు; పోయిన తాత వచ్చి తన కథ చెప్పలేడు. అందుచేత మనకు ఎప్పుడూ మిగిలినవారి కథలే వినబడతాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో ఆడవారు చుట్టను వెలిగిన కొన నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ తాగే ఆచారం ఉన్నది. దానివల్ల అంగిట్లో క్యాన్సరు వస్తున్నదని విశాఖ వైద్యులు 1957లోనే పరిశోధన వ్యాసం ప్రకటించారు. అంటే ఈ సంగతి మనకు తెలిసి అరవైఎనిమిది ఏండ్లు దాటింది. తెలియక చెడినవారు మన నాయనలు. తెలిసి చెడితే ఆ తప్పు మనదే.

ఇప్పుడు నా సంగతి. నేను హైస్కూలు పంతులుగా పనిచేశాను. తరగతిలో ఆరోగ్య పాఠం వచ్చినప్పుడు పొగాకు విషమని బల్ల గుద్ది చెప్పేవాడిని. గంట కొట్టగానే బడి గోడ వెనక్కు వెళ్ళి సిగరెట్టు ముట్టించేవాడిని. పిల్లలకు తెలియదనుకొన్నాను. పిల్లలకు తెలియనిది ఏమున్నది? 1988లో ఒక సాయంకాలం ఇంటికి వచ్చేసరికి, తొమ్మిదేండ్ల మా అబ్బాయి వీధి పిల్లలను అరుగుమీద కూర్చోబెట్టి పంతులాట ఆడుతున్నాడు. ఒక చేతిలో బెత్తం. రెండవ చేతి వేళ్ళ సందున సుద్దముక్క. నాలుగు మాటలు పాఠం చెప్పి, గోడవైపు తిరిగి, సుద్దముక్క పెదవుల మధ్య పెట్టుకొని, తల పైకెత్తి గాలి వదిలాడు. పిల్లలు విరగబడి నవ్వారు. అది నేనే. నా నడక, నా గొంతు, నా పొగ. ఎనిమిదేండ్ల వయస్సులో నడవలో దమ్ము పీల్చిన పిల్లవాడు నాకు ఎదురుగా నిలబడినట్టయింది.

ఆ రాత్రే మానివేశానని చెబితే మీరు చప్పట్లు కొడతారు గాని అది నిజం కాదు. రెండుసార్లు మానాను, రెండుసార్లూ తిరిగి పట్టాను. మూడవసారి నా భార్యను, కొడుకును పిలిచి కూర్చోబెట్టి చెప్పాను: "ఇది నన్ను పట్టుకొన్నది. వదిలించుకోవడం నాకు చాలా కష్టంగా ఉన్నది. నువ్వు దీని జోలికి పోవద్దు. నాకు కొంచెం సాయం చెయ్యి." వాడు ఆ మాటను ఎంత పెద్దరికంగా తీసుకొన్నాడో చెప్పలేను. జేబులో వేయించిన శెనక్కాయ విత్తనాలు పోసి పంపేవాడు. సాయంకాలం వచ్చి నా చొక్కా వాసన చూసేవాడు. మొదటి రెండు మూడు వారాలు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి. తరువాత తగ్గింది. ఆ పిల్లవాడు ఈనాటికీ పొగాకు ముట్టలేదు. నేను తరగతిలో చెప్పిన పాఠాలవల్ల కాదు. నేను నా ఓటమిని వాడి దగ్గర ఒప్పుకొన్నందువల్ల అని నా నమ్మకం.

మా అన్న మానలేదు. బీడీ నుంచి ఆకువక్కలో పొగాకుకు, దానినుంచి పొట్లాలకు దిగాడు. మనవడిని చేతిలో చిల్లర పెట్టి అంగడికి పంపేవాడు. మిగిలిన రూపాయి పిల్లవాడికి చాక్లెట్టుకు. నోరు తెరుచుకోవడం తగ్గుతూ వచ్చింది. ముద్ద పట్టకుండా అయినప్పుడు బెంగుళూరు తీసుకొనిపోయాము. బుగ్గలో క్యాన్సరు అన్నారు. శస్త్రచికిత్స అయిన తరువాత మాట పోయింది. 2009లో, చివరి దినాలలో, మనవడు చూడడానికి వచ్చినప్పుడు వాడి బడి నోటుపుస్తకం తీసుకొని అందులో ఒక వాక్యం వ్రాసి నాకు చూపించాడు. మా తాలూకావారికి తెలుసు, మేము మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చినది కన్నడ లిపి. మా అన్న కన్నడ అక్షరాలలో తెలుగు మాట వ్రాశాడు: "వీణ్ణి అంగడికి పంపొద్దు." ఆ నోటుపుస్తకం నా దగ్గర ఉన్నది. నేను ఈ రోజు మీకు చెబుతున్న ఉపన్యాసమంతా ఆ వాక్యానికి వ్యాఖ్యానమే.

కనుక తల్లిదండ్రులు చేయదగిన పనులు ఏవో, నా బుద్ధికి తోచినంతవరకు, వరుసగా మనవి చేస్తాను.

మొదటిది, మా అన్న వ్రాసినదే. పిల్లలను బీడీకి, సిగరెట్టుకు, పొగాకు పొట్లానికి అంగడికి పంపవద్దు. ముట్టించి తెమ్మనవద్దు. ఆకువక్క నూరి ఇమ్మని చెప్పి పొగాకు వాళ్ళ చేతికి ఇవ్వవద్దు. ఇది కేవలం నీతి కాదు, చట్టం కూడ. పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేండ్లవరకు కఠిన శిక్ష, లక్ష రూపాయలవరకు జరిమానా అని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది.

రెండవది, మీరు వాడుతుంటే మానండి. మానలేకపోతే ఇంట్లో, బండిలో, పిల్లల ఎదుట వాడకండి. ఒకరు వదిలిన పొగ పక్కవారికీ విషమే. చంటిపిల్లలకు మరీ విషం. మానదలచినవారికి డబ్బు ఖర్చు లేకుండా సలహా చెప్పే ప్రభుత్వ ఫోను ఉన్నది: 1800-11-2356. సిగరెట్టు పెట్టెల మీద, పొగాకు పొట్లాల మీద ఆ నంబరు అచ్చువేసి ఉంటుంది. దానిని చదివినవారే తక్కువ. ముప్పయ్యవ ఏట మానినవారు పోగొట్టుకొనే ఆయుస్సులో దాదాపు పదేండ్లను తిరిగి సంపాదించుకొంటారని బ్రిటిషు డాక్టర్లమీద యాభైఏండ్లు సాగిన పరిశోధన 2004లో తేల్చింది. యాభైయవ ఏట మానినా కొంత మిగులుతుంది. ఆలస్యమైందని ఎవరూ అనుకోనక్కరలేదు.

మూడవది, పదేండ్లకు ముందే మాట ఎత్తండి. ఒకనాడు కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇస్తే పిల్లవాడు గోడవైపు చూస్తాడు. దారిలో ఎవరైనా పొట్లం చింపి నోట్లో పోసుకొంటే, "అది ఏమిటో తెలుసా నీకు? మీ బడిలో ఎవరైనా తింటారా?" అని అడగండి. అడిగి, వాడు చెప్పేది వినండి. క్యాన్సరు మాట పిల్లలకు అంటదు. నలభై ఏండ్ల తరువాత సంగతి వాళ్ళకు నాలుగు యుగాల తరువాత సంగతి. కబడ్డీలో కూత ఆగిపోతుంది, నోరు కంపు కొడుతుంది, పళ్ళు గారపడతాయి అని చెబితే అంటుతుంది. లెక్క కూడ చెప్పండి. రోజుకు ముప్పై రూపాయలు పొగాకుకు పోస్తే ఏడాదికి 10,950 రూపాయలు. ఆ డబ్బుకు ఒక సైకిలు వస్తుందని తెలిసినప్పుడు పిల్లవాడి కళ్ళు పెద్దవవుతాయి.

నాలుగవది, వద్దనడం నేర్పండి. మనం పిల్లలకు "తాగవద్దు" అని చెబుతాము గాని, నలుగురు స్నేహితులు చుట్టూ చేరి "ఒక్కసారికి ఏమవుతుందిరా, భయమా?" అన్నప్పుడు ఏమి చెప్పాలో నేర్పము. అక్కడ మాట తోచక ఎంతోమంది మంచి పిల్లలు చెడిపోయారు. ఇంట్లో ఆటగా అభ్యాసం చేయించండి. మీరు స్నేహితుడి వేషం వెయ్యండి, వాడిని జవాబు చెప్పనివ్వండి. "నాకు పడదు," "నేను పరుగు పందెంలో ఉన్నాను," ఏదో ఒకటి. ఏమీ తోచకపోతే తప్పు నామీద వెయ్యమని చెప్పండి: "మా నాయన రోజూ నోరు వాసన చూస్తాడు." అందుకు తండ్రి గయ్యాళి అన్న పేరు వచ్చినా నష్టం లేదు.

ఐదవది, పట్టుబడినప్పుడు కొట్టవద్దు. నేను పంతులుగా ఉన్న రోజులలో కొట్టాను. అందుకు ఈనాడు విచారిస్తున్నాను. దెబ్బ తిన్నవాడు అలవాటు మానడు, దాచడం నేర్చుకొంటాడు. కోపం చల్లారిన తరువాత పక్కన కూర్చోబెట్టుకొని మూడు ప్రశ్నలు అడగండి: ఎప్పటినుంచి? ఎవరితో? ఎప్పుడు మనసు లాగుతుంది? ఒకటి రెండుసార్లు రుచి చూసినవాడికి మీ నమ్మకం చాలు. అలవాటు పడినవాడికి వైద్యుని సలహా కావాలి. అది సిగ్గుపడవలసిన పని కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరకు పోవడం లేదా?

ఆరవది, ముఖ్యంగా తల్లులకు మనవి. "ఇందులో పొగాకు లేదమ్మా, వట్టి పాన్ మసాలా" అని పిల్లలు చెబుతారు. వక్క కూడ క్యాన్సరు కలిగించేదేనని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. నోరు బిగుసుకుపోయే జబ్బుకు ముఖ్య కారణం వక్కే. కర్ణాటకలో గుట్కాను 2013లో నిషేధించారు. నిషేధించగానే వ్యాపారులు మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరొక పొట్లంలో పెట్టి అమ్మసాగారు. కొన్నవాడే అరచేతిలో కలుపుకొంటాడు. కాబట్టి తియ్యని వాసన వేసే పొట్లం చూసి మోసపోవద్దు. తుమకూరు జిల్లాలో వక్కతోటల మీద ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నవని నాకు తెలుసు. తాంబూలం పెద్దలకు, దేవునికి ఇవ్వండి. బడిపిల్లల జేబులో వక్కకు పని లేదు.

ఏడవది, మన పెళ్ళిళ్ళ సంగతి. మా వైపు పెళ్ళికి వచ్చినవారికి తట్టలో ఆకులు, వక్కలు, వాటితోపాటు బీడీకట్టలు, సిగరెట్లు పెట్టి మర్యాద చేయడం ఉన్నది. ఆ తట్ట పట్టుకొని తిరిగేది ఎవరు? పది పన్నెండేండ్ల పిల్లలు. పందిట్లో మర్యాదగా పంచినది తప్పు అని ఏ పిల్లవాడు నమ్ముతాడు? మా మనవరాలి పెళ్ళిలో ఆ తట్టలో కలకండ, ఖర్జూరాలు పెట్టాము. ఇద్దరు ముగ్గురు పెద్దలు అలిగారు. భోజనాల దగ్గర వాళ్ళ అలుక తీరింది. తరువాత ఊళ్ళో జరిగిన రెండు పెళ్ళిళ్ళలో మా తట్టనే అనుసరించారు.

ఎనిమిదవది, బడి చుట్టూ చూడండి. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదని, 18 ఏండ్ల లోపువారికి అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టం ఉన్నది. కర్ణాటకలో 2024లో చేసిన సవరణకు 2025లో రాష్ట్రపతి ఆమోదం లభించి, ఆ వయస్సు 21 అయింది. బహిరంగ స్థలాలలో తాగేవారికి జరిమానా 200 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. చట్టం మంచిదే. కాని జహంగీరు ఆజ్ఞ గతి దీనికి పట్టకుండా చూడవలసినవారు మనమే. అంగడివాడు కూడ మనవాడే; అతనికీ పిల్లలున్నారు. నలుగురు తల్లిదండ్రులు కలిసివెళ్ళి, "అన్నా, మా పిల్లలకు అమ్మవద్దు, మేము నీ దగ్గరే సరుకులు కొంటాము" అని చెబితే వింటాడు. వినకపోతే అప్పుడు ఫిర్యాదు.

పట్నంలో స్థిరపడిన మన సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. పల్లెలో పిల్లవాడు దారి తప్పితే సాయంకాలానికల్లా ఎవరో ఒక మామ వచ్చి చెబుతాడు. పట్నంలో చెప్పేవారు లేరు. ఊరినుంచి చదువుకు, ఉద్యోగానికి వచ్చిన కుర్రవాళ్ళు అయిదారుగురు ఒక గదిలో ఉంటారు. వాళ్ళలో ఒంటరితనం ఉన్నది, ఇంటి మీద బెంగ ఉన్నది. ఆ బెంగలోకే సిగరెట్టు వచ్చి కూర్చొంటుంది. పెన్నులాగా, పెన్‌డ్రైవులాగా కనబడే ఎలక్ట్రానిక్ సిగరెట్లు ఉన్నవి. వాటిని 2019లో దేశమంతటా నిషేధించినా చాటుగా దొరుకుతున్నవి. పొగ వాసన లేదు గనుక ఇంటివారికి తెలియదు. మన సంఘం ఇటువంటి కుర్రవాళ్ళను నెలకొకసారైనా భోజనానికి పిలిచి, ఆటలకు, నాటకాలకు, భజనకు, ఏదో ఒకదానికి దగ్గరకు తీసుకోవాలని కార్యవర్గానికి విన్నవిస్తున్నాను. ఖాళీ సాయంకాలాన్ని నింపడంకంటె మంచి మందు లేదు.

చివరగా ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో, ఇటు మైసూరు వైపు హుణసూరు, పిరియాపట్టణలో పొగాకు పండించి రైతులు బ్రతుకుతున్నారు. తుమకూరులో బీడీలు చుట్టి ఎందరో ఆడవారు కుటుంబాలు పోషిస్తున్నారు. పొగాకు వద్దంటే వాళ్ళ నోట మట్టి కొట్టడం కాదా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ఆ చేతులకు నేను నమస్కరిస్తాను. వాళ్ళకు వేరే పంట, వేరే పని చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిది, మనందరిదీ. కాని బీడీలు చుట్టే తల్లిని అడగండి, తన కొడుకు బీడీ తాగితే సంతోషిస్తుందా అని. ఆమె జవాబే నా జవాబు.

తల్లులారా, తండ్రులారా! నేను ఏ ఉద్యమానికీ నాయకుడిని కాను. డెబ్బైఅయిదేండ్లు దాటిన పల్లెటూరి పంతులిని. మిమ్మల్ని పెద్ద ప్రతిజ్ఞలు చేయమనను. ఈ ఉగాదినాటి రాత్రి ఇంటికి వెళ్ళి ఒక్క పని చెయ్యండి. వాడేవారు తమ పిల్లలను దగ్గరకు పిలిచి, "ఇది నన్ను పట్టుకొన్నది, నిన్ను పట్టుకోనివ్వను" అని చెప్పండి. వాడనివారు, "నీకు ఎవరైనా ఇస్తే నాకు వచ్చి చెప్పు, నేను కోప్పడను" అని చెప్పండి. చెప్పిన మాట నిలబెట్టుకోండి.

ఇప్పటికీ నేను ఊరికి వెళ్ళినప్పుడు మా పాత ఇంటి అరుగుమీద కూర్చొంటాను. ఎదురుగా నిడుగల్లు కొండ కనబడుతుంది. పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. నడవ మాత్రం అట్లాగే ఉన్నది. మా అన్న మనవడు, ఆ నోటుపుస్తకం పిల్లవాడు, ఇప్పుడు పెండ్లి అయి తండ్రి అయ్యాడు. మొన్న సంక్రాంతికి వాడి చిన్నకొడుకు ఆ నడవలో పరుగెత్తుకొంటూ వచ్చి నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి వెళ్ళాడు. ఆ నడవలో పిల్లవాడు తేవలసింది అదే అనుకొన్నాను.

వేపపువ్వు చేదు తెలిసి తిన్నాము. ఈ మాటలు కొంచెం చేదుగా ఉంటే దానితోపాటు కలుపుకొని స్వీకరించండి. పరాభవ సంవత్సరం మీ ఇళ్ళకు ఆయురారోగ్యాలను, పొగాకుకు మాత్రం తన పేరును ఇచ్చుగాక.